ఫ్రేమ్ ‘శుభ్రం’ కావాలంటే ఎవరిని తీసేయాలి?

గత ఎండాకాలం నేనూ, నాతోపాటు పరిశోధన చేస్తున్న ముగ్గురు మిత్రులూ కర్ణాటకలోని కబిని వెళ్లాం. రెండుసార్లు సఫారీ చేశాం. తిరిగొచ్చేసరికి నా కెమెరాలో 900కు పైగా ఫొటోలున్నాయి. వాటిలోంచి ఎనిమిది ఎంచి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. నీటి ఒడ్డున మేస్తున్న మంద, తల్లి కాళ్ల మధ్య నిలబడ్డ గున్న, ఒంటి మీద దుమ్ము చల్లుకుంటున్న దంతాల ఏనుగు. నేను పెట్టిన దేనికీ ఇంతకుముందు అంతమంది స్పందించలేదు. అంబేద్కర్ జయంతి సభ ఫొటోలు పెడితే పలకని సీనియర్లు కూడా ఈసారి పలికారు.

అవే ఫొటోలు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. మాది చిత్తూరు జిల్లా పలమనేరు వైపు, కౌండిన్య అడవి అంచు. ఊరికీ అడవికీ మధ్యనున్న మాదిగవాడ మాది. మా చిన్నాయన అన్నీ చూసి ఒకే ఒక వాయిస్ మెసేజ్ పంపాడు: “ఏనుగులు బాగుండాయి అమ్మీ. అంత పెద్ద అడివిలో మనిషే లేడా?”

ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

నేను వదిలేసిన ఫొటోలు మళ్లీ తీసి చూశాను. ఒకదానిలో ఒక తల్లీబిడ్డ చుట్టూ మా జీపుతో కలిపి ఏడు వాహనాలు. ఇంకోదానిలో ఏనుగుల్ని చూపిస్తూ చాచిన డ్రైవరు చెయ్యి. మరోదానిలో రేకుల షెడ్డు ముందు నిలబడ్డ అటవీ వాచరు, పక్కన ప్లాస్టిక్ బిందె. అడవి దాటాక తీసిన ఒక ఫొటోలో ఏనుగులు రాకుండా తవ్విన కందకం, దాని పక్కన నెత్తిన కట్టెలమోపులతో నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు, వెనక చెట్ల సందులో ఏనుగు వీపు. ఆ రోజు తీసినవాటిలో ఎక్కువ సంగతులు చెప్పే ఫొటో అదే. తీసిన వెంటనే డిలీట్ చేయబోయింది కూడా దాన్నే. కారణం ఒక్కటే. ‘ఫ్రేమ్ క్లీన్‌గా లేదు.’

వన్యప్రాణుల ఫొటోలు తీసేవాళ్ల మధ్య ‘క్లీన్ ఫ్రేమ్’, ‘క్లీన్ బ్యాక్‌గ్రౌండ్’ అన్నవి రోజూ వినపడే మాటలు. కరెంటు తీగ, రోడ్డు, మనిషి ఇవేవీ లేకపోతే ఫ్రేమ్ శుభ్రంగా ఉన్నట్టు. తీగా మనిషీ ఒకే జాబితాలో ఉండటం మనకు తప్పుగా తోచదు. కానీ ఈ దేశంలో శుభ్రం అనే మాట ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. దాని వెనకే మైల వచ్చింది. మైలపడేవాళ్లు ఎవరో ముందే తేల్చిన వ్యవస్థ వచ్చింది. గుడి శుభ్రంగా ఉండాలంటే ఊడ్చినవాళ్లు బయట నిలబడాలి. బావి శుభ్రంగా ఉండాలంటే తవ్వినవాళ్లు దూరంగా ఉండాలి. అడవి శుభ్రంగా కనపడాలంటే అక్కడ పుట్టినవాళ్లు ఫ్రేమ్‌లోంచి తప్పుకోవాలి. ఫొటో తీసే ప్రతివాడూ కులాన్ని మనసులో పెట్టుకునే తీస్తాడని నేననడం లేదు. నేను మాదిగ అమ్మాయిని. ఆ ఆడవాళ్లను తీసేసింది నేనే. ఒక చూపు అలవాటైతే అది ఎవరి కంట్లోనైనా పనిచేస్తుంది.

ఆ శుభ్రమైన ఫ్రేమ్ కింద ఏముందో చూద్దాం. ఎండాకాలం కబిని ఒడ్డున ఏనుగుల మందలు గుమిగూడే దృశ్యం ప్రపంచమంతా తెలిసినది. నీళ్లు వెనక్కి తగ్గగానే జలాశయం అడుగున పచ్చగడ్డి మొలుస్తుంది. దానికోసమే అవి వస్తాయి. ఆ జలాశయం 1974లో కట్టిన ఆనకట్టది. దాని కింద ఊళ్లూ, కాకనకోటె అడవిలో కొంత భాగమూ మునిగాయి. అంటే మనం ‘ఆదిమ ప్రకృతి’ అని క్యాప్షన్ పెట్టే ఆ పచ్చిక ఒక ప్రభుత్వ ప్రాజెక్టు వల్ల పుట్టింది.

అంతకుముందు ఆ అడవి మైసూరు ఖెడ్డాలకు పేరుపడింది. అడవి ఏనుగుల మందను తరిమి, గుంజలు పాతిన ఆవరణలోకి తోలి పట్టుకోవడమే ఖెడ్డా. మైసూరు ప్రాంతంలో 1873 నుంచి 1971 వరకు ఇవి సాగాయి. రాజులకూ వాళ్ల విదేశీ అతిథులకూ అదొక వేడుక. అతిథులు గ్యాలరీల్లో కూర్చుని చూసేవారు. ఏనుగుల జాడ తీసి, మందను తోలి, ప్రాణాలకు తెగించినవాళ్లలో జేను కురుబలు, బెట్ట కురుబలు ఉన్నారు. చూసేవాళ్లు ఎత్తున, పనిచేసేవాళ్లు దుమ్ములో. ఈ అమరిక సఫారీతో కొత్తగా వచ్చింది కాదు. గ్యాలరీ జీపయింది, తుపాకీ పోయి కెమెరా వచ్చింది.

తర్వాత నాగరహొళె జాతీయ ఉద్యానమైంది. 1970ల నుంచి వేలమంది ఆదివాసీలను అక్కడి నుంచి పంపించేశారు. చాలామంది కొడగు కాఫీ తోటల్లో కూలీలయ్యారు. అదే అడవి లోపల ఒక పెద్ద హోటల్ సంస్థకు విడిది కట్టుకోవడానికి ప్రభుత్వం స్థలం లీజుకిచ్చింది. ఆదివాసీ సంఘాలు పోరాడాయి, కోర్టుకెక్కాయి. 1997లో కర్ణాటక హైకోర్టు ఆ లీజు చట్టవిరుద్ధమని తేల్చింది. 2025 మేలో 52 జేను కురుబ కుటుంబాలు నాగరహొళెలోని కరడికల్లు దగ్గర తమ పాత నివాస స్థలానికి తిరిగి వెళ్లి గుడిసెలు వేసుకున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద తమ హక్కు గుర్తించమన్నాయి. ఇదంతా జరిగిన అడవిలోనే నేను 900 ఫొటోలు తీశాను. ఎనిమిదింటిలో ఒక్కదానిలో కూడా ఈ సంగతి జాడ లేదు.

ఇప్పుడు చిన్నాయన ఉండే అంచుకు వద్దాం. అంటరానివాళ్లు ఊరిలో భాగం కాదని, ఊరికి అతుక్కుని బయట బతికేవాళ్లని అంబేద్కర్ పదేపదే రాశారు. ఆ ‘బయట’ అనేది మావైపు అడవివైపే ఉంటుంది. చెరువు కింది మాగాణి ఎవరిదో చెప్పక్కర్లేదు. మాకు దక్కింది కొండ కింద డీకేటీ పట్టా గుట్టభూమి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు మావైపు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగు కిందికి దిగితే మొదట తొక్కేది ఊరి నడుమనున్న మామిడితోటను కాదు, అంచునున్న మా రాగిచేనును. కులం ఇచ్చిన భూమే ఏనుగుల దారిలో ఉంది.

కాపలా కూడా మాదే. మంచె మీద రాత్రంతా మేలుకుని డబ్బాలు కొట్టడం, టపాసులు కాల్చడం. మా చిన్నాయన కౌలుకు చేసిన వేరుసెనగ ఒకసారి ఒక్క రాత్రిలో పోయింది. పరిహారం అడిగితే పట్టా ఎవరి పేరున ఉందని అడిగారు. పట్టా యజమానిది, పంట చిన్నాయనది, నష్టం చిన్నాయనది, డబ్బు ఎవరికీ రాలేదు. అటవీ హక్కుల చట్టం కింద అడగాలంటే మేము ఆదివాసీలం కాదు. ‘ఇతర సంప్రదాయ అటవీ వాసులు’ మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి. మా అబ్బ ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది. అది ఓటరు కార్డు మీది.

ఏనుగుల దాడుల్లో దేశంలో ఏటా దాదాపు 500 మంది చనిపోతున్నారు. మనుషుల కారణంగా ఏటా దాదాపు 100 ఏనుగులు చనిపోతున్నాయి. వాటిలో ఎక్కువ చావులు కరెంటు షాకుతోనే. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చిన ఒక ఏనుగు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో రెండు రోజుల్లో ఇద్దరు రైతుల్ని చంపింది. ఒకరు మిరపచేలో పనిచేసుకుంటుండగా పోయారు. ఏనుగు అంటే ఎరగని ప్రాంతం అది. సఫారీలో అందరూ వెతికే జంతువూ, ఆ మిరపచేలోకి వచ్చిన జంతువూ ఒకటే. ఫొటోలు మాత్రం వేర్వేరు ఆల్బమ్‌లలో ఉంటాయి.

మూడేళ్ల కిందట మా పక్క ఊళ్లో ఒక ఏనుగు అడవిపందుల కోసం పెట్టిన కరెంటు తీగకు తగిలి చనిపోయింది. చేను చేసుకుంటున్నది మా బంధువే. మర్నాటికల్లా ఫొటో ఫోన్లన్నిటికీ పాకింది. పడి ఉన్న ఏనుగు, పక్కన తలవంచుకుని నేల మీద కూర్చున్న మనిషి, ముఖం స్పష్టంగా. కింద ‘హంతకుడు’ అని రాశారు. తీగ పెట్టడం తప్పే. ఏనుగు షెడ్యూల్ 1 జంతువు, నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. కానీ విచారణ కూడా మొదలుకాకముందే ఆ మనిషికి శిక్ష వేసింది ఫొటో. మూడు పంటలు వరసగా పోయాయన్న మాట, సోలార్ కంచె ఎవరి చేల దాకా వచ్చి ఎక్కడ ఆగిందన్న మాట ఆ ఫ్రేమ్‌లో పట్టలేదు.

ఇక్కడొక తేడా గమనించాలి. ఏనుగు అందంగా ఉన్న ఫొటోలో అంచు మనిషి కనపడడు. ఏనుగు చచ్చిన ఫొటోలో తప్పకుండా కనపడతాడు. అందానికి అడ్డమైనవాడు నేరానికి మాత్రం కావాలి. మనం ఏ ఫొటో పంచుతున్నామన్న ప్రశ్న అందుకే అభిరుచికి సంబంధించింది మాత్రమే కాదు. అది సాక్ష్యం చెప్పడం లాంటిది.

పంచిన ఫొటో ఏం చేయగలదో ఈ పదేళ్లలో మూడుసార్లు చూశాం. 2017లో బిప్లబ్ హజ్రా తీసిన ఫొటోకు ఒక వన్యప్రాణి పత్రిక అవార్డు వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని బాంకుడా జిల్లాలో ఒక గుంపు విసిరిన మంటల నుంచి తల్లి ఏనుగు, ఒళ్లంతా నిప్పంటుకున్న గున్న పరిగెడుతున్న దృశ్యం. ఆ ఫొటో అబద్ధం కాదు. అది బయటకు రావాల్సిందే. కానీ చూసిన చాలామందికి ఆ గుంపు ‘క్రూరులైన పల్లెజనం’గా మిగిలింది. ఆ ఏనుగులు అక్కడికెందుకొస్తున్నాయి, ఆ చేలు ఎవరివి అని అడిగినవాళ్లు తక్కువ.

2020 మేలో కేరళలో పేలుడు పదార్థం కొరికి నోరు చిట్లిన చూలు ఏనుగు నదిలో నిలబడి చనిపోయింది. దేశమంతా ఏడ్చింది. ఏడవాల్సిన చావే. అయితే ఆ ఘటన పాలక్కాడ్ జిల్లాది. ప్రచారంలో అది ముస్లింలు ఎక్కువగా ఉండే మలప్పురం జిల్లాది అయింది. జాతీయ నాయకులు కూడా అలాగే మాట్లాడారు. కావాలనే అనాసపండులో పెట్టి తినిపించారన్న కథ తిరిగింది. దర్యాప్తులో తేలింది కొబ్బరికాయ అని, అడవిపందుల కోసం పెట్టినదని. అప్పటికి ఫొటో తన పని చేసేసింది. అదే నెలలో వలస కూలీలు వందల మైళ్లు నడుస్తున్నారు. ఏనుగు కోసం ఏడ్చినవాళ్లు కూలీల కోసం ఏడవలేదని నేననను. ఒక చావు ఫొటోకు తప్పు చిరునామా అంటిస్తే అది ఎవరి మీదికి తిరుగుతుందో ఆలోచించమంటున్నాను.

మూడోది భిన్నమైనది. ముదుమలైలోని తెప్పకాడు ఏనుగుల శిబిరంలో పనిచేసే కాట్టునాయకన్ దంపతులు బొమ్మన్, బెల్లీల మీద తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ 2023లో ఆస్కార్ గెలిచింది. అందులో మనిషి ఫ్రేమ్‌లో ఉన్నాడు. ఏనుగును పెంచుతున్న చెయ్యి కనపడింది. అవార్డు తర్వాత తమిళనాడు ప్రభుత్వం రెండు శిబిరాల్లోని 91 మంది మావటులకు, కావడులకు తలా లక్ష రూపాయలు ప్రకటించింది. తాత్కాలిక కూలీగా ఉన్న బెల్లీకి అదే ఏడాది శాశ్వత కావడి ఉద్యోగం వచ్చింది. ఇది వాళ్ల హక్కుగా రావాల్సింది, ఆస్కార్ దయగా రావడం సిగ్గుచేటు. అయినా ఒక విషయం రుజువైంది. పనిచేసే మనిషి కనపడితే, ప్రభుత్వం అతన్ని చూడనట్టు నటించడం కష్టమవుతుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ విలువైనవే. మొదటిది, ఏనుగుల అందమైన ఫొటోలే జనంలో ప్రేమ పెంచుతాయి, ఆ ప్రేమే అడవిని కాపాడుతుంది అని. కొంత నిజం. డీఎన్ఏ ఆధారంగా చేసి 2025లో విడుదల చేసిన లెక్క ప్రకారం దేశంలో ఉన్న అడవి ఏనుగులు 22,446. అవి బతకాలి. అంచు మనుషులు ఏనుగుకు శత్రువులని నేను రాయడం లేదు. మావైపు ముసలివాళ్లు ఇప్పటికీ దాన్ని ‘సామి’ అనే అంటారు. కానీ ఆ ప్రేమ ఖర్చు ఎవరు కడుతున్నారు? చూసేవాడు టికెట్టు కొంటాడు. పక్కన బతికేవాడు పంట ఇస్తాడు, నిద్ర ఇస్తాడు, ఒక్కోసారి మనిషినిస్తాడు. 2025 నవంబరులో మైసూరు జిల్లా సరగూరు వైపు పులి దాడుల్లో రైతులు చనిపోయాక కర్ణాటక ప్రభుత్వం నాగరహొళె, బందీపుర్‌లలో సఫారీలు నిలిపేసి ఆ సిబ్బందిని ఊళ్ల వైపు పంపమంది. అంచు మనిషి ప్రాణం ముందు, చూసేవాడి సరదా తర్వాత అని ప్రభుత్వం చెప్పడానికి ఎన్ని శవాలు లేవాల్సి వచ్చిందో గమనించండి.

రెండో అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. ఆదివాసీనీ దళితుడినీ ఫ్రేమ్‌లోకి తెస్తే వాళ్లూ ఒక వింత దృశ్యమైపోరా? 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో అచ్చువేసిన ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ నిండా మన పూర్వీకుల ఫొటోలున్నాయి, నమూనాలుగా. ఈ భయం న్యాయమైనది. మనిషిని కేవలం ఫ్రేమ్‌లో చేర్చడం న్యాయం కాదు. ఆయన ఒప్పుకున్నాడా, తన గురించి ఏం రాయమన్నాడు, ఆ ఫొటో ఆయనకేమైనా హాని చేస్తుందా, అసలు కెమెరా ఆయన చేతికిస్తే ఏం తీసేవాడు అన్నవి అడగకపోతే మనమూ థర్‌స్టన్ పనే చేస్తాం. అంబేద్కర్ 1920లో ‘మూక్‌నాయక్’ పెట్టింది ఇతరుల పత్రికల్లో మన గురించి మంచిగా రాయించుకోవడానికి కాదు. మన మాట మనమే చెప్పడానికి.

మరి ఏం చేయాలి? విశ్వవిద్యాలయాల్లో ఉండి పరిశోధన పేరుతోనో సెలవుల్లోనో అడవికి వెళ్లే మనలాంటివాళ్ల కోసం నేను పెట్టుకున్న నియమాలు ఇవి. జీపుల గుంపు మధ్య తీసిన తల్లీబిడ్డల ఫొటోను ఏకాంతంలో తీసినట్టు క్రాప్ చేసి పెట్టను. పెడితే ఆ గుంపు గురించి రాస్తాను. ఏనుగు ఉన్న చోటు అప్పటికప్పుడు చెప్పను, చెబితే ఇంకో పది జీపులు వస్తాయి. దంతాల ఏనుగుల్నే ఎంచను. ఆసియా ఆడ ఏనుగులకు బయటకు కనపడే దంతాలుండవు, మందను నడిపేది ఆడ ఏనుగే. దంతాలకే మొక్కే చూపులో కూడా ఒక ఆధిపత్యముంది. చనిపోయిన ఏనుగు పక్కనున్న నిందితుడి ముఖం పంచను. పని చేసినవాళ్ల పేరు వాళ్లు ఒప్పుకుంటే రాస్తాను, ఒప్పుకోకపోతే పనైనా రాస్తాను. జాడ చూపిన ట్రాకరు లేకుండా నా ఫొటో లేదు. ‘ఫొటో నాది’ అన్నంత సులువుగా ‘జాడ ఆయనది’ అని రాయలేనా?

ఇది కొత్త సౌందర్యశాస్త్రమేమీ కాదు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి స్తూపం నాటి ఒక పలక ఉంది. నలగిరి అనే మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ. ఒకే గుండ్రటి రాయిలో శిల్పి అంతా చెక్కాడు. వీధిలో రెచ్చిపోయి మనుషుల్ని తొక్కుతున్న ఏనుగు, భయంతో ఒదిగిపోతున్న జనం, మేడల మీద నుంచి తొంగి చూస్తున్నవాళ్లు, చివరకు బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు. దాదాపు 1,800 ఏళ్ల కిందటి ఆ చేతికి ఏనుగును అందంగా చూపడానికి తొక్కిసలాటలో నలిగినవాణ్ని చెరిపేయాల్సిన అవసరం రాలేదు. మేడ మీద నిలబడి చూసేవాళ్లను కూడా వదల్లేదు. చూసేవాడు కూడా దృశ్యంలో భాగమే. సఫారీ ఫొటోలో ఎప్పుడూ కనపడనిది ఆ మేడ.

కందకం పక్కన నడిచిన ఆ ఇద్దరు ఆడవాళ్ల ఫొటో నేను పెట్టలేదు. వాళ్లను అడగలేదు గనుక. కట్టెలు ఏరుకోవడం కూడా ఎవరో ఒక అధికారి కంటికి నేరంగా కనపడొచ్చు గనుక. దానికి బదులు మొన్న ఇంటికెళ్లినప్పుడు ఫోను చిన్నాయన చేతికిచ్చి, నీకు కావాల్సింది తియ్యమన్నాను. ఆయన మంచె ఎక్కి ఒక్క ఫొటో తీశాడు. అందులో ఏనుగు లేదు. సగం మేసిన రాగిచేను, అందులో పెద్ద పెద్ద అడుగులు, సోలార్ కంచె ఆగిపోయిన చివరి స్తంభం, ఆ తర్వాత మా వాడ. “నా మొకం వద్దు. ఈ కంబం మాత్రం బాగా కనపడాల. కంచె ఎక్కడ నిలిచిపోయిందో అందరికీ తెలస్తాది” అన్నాడు.

అనుమతి తీసుకుని, చోటు పేరు తీసేసి, తీసింది ఎవరో చెప్పి పెట్టాను. నా ఎనిమిది ఫొటోలకు వచ్చిన లైకుల్లో ఇరవయ్యో వంతు కూడా దానికి రాలేదు. కానీ కింద మా యూనివర్సిటీ విద్యార్థి ఒకడు అడిగాడు: “కంచె అక్కడే ఎందుకు ఆగింది?”

900 ఫొటోలు తీసినా నా ఏనుగులు ఎవరి చేతా ఆ ప్రశ్న అడిగించలేకపోయాయి.